పోలీసు కార్లకు 15 ఏళ్ల గీత.. అంబాసిడర్ ఎందుకంత గట్టిది? నిజామాబాద్, బోధన్‌లో పాత బండ్లు ఇక తుక్కుకేనా?

పోలీసు కారు అంటే ఇప్పటి పిల్లలకు ఇన్నోవా, బొలెరో గుర్తొస్తాయి. నలభై దాటిన వాళ్లకు మాత్రం తెల్ల అంబాసిడరే. నెత్తిన బుగ్గ, వెనక అద్దాలకు కర్టెన్లు, బానెట్ మీద చిన్న జెండా కర్ర. ఆ కారు ఊళ్లోకి వచ్చిందంటే ఎస్పీ సాబ్ వచ్చినట్టే.

ఇప్పుడు ఆ తరం బండ్లకు చట్టమే చెక్ పెట్టేసింది. ఇంజిన్ బాగుందా, బాడీ గట్టిగా ఉందా అన్నదాంతో పని లేదు. ప్రభుత్వ వాహనం అయితే 15 ఏళ్లు నిండగానే రోడ్డు దిగాల్సిందే.

వివరాల్లోకి వెళ్తే.. 2023 జనవరి 16న కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఓ నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కేంద్రం, రాష్ట్రాలు, మున్సిపాలిటీలు, పంచాయతీలు, ఆర్టీసీలు, ప్రభుత్వ రంగ సంస్థలు.. ఎవరి బండి అయినా మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ చెల్లదు. అంతకుముందే రెన్యువల్ చేయించుకున్నా లాభం లేదు, అది కూడా రద్దయినట్టే లెక్క. ఆ బండ్లను రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే పంపాలి.

అంటే 2008 ఏప్రిల్‌కు ముందు రిజిస్టర్ అయిన సర్కారు బండ్లన్నీ ఒక్క దెబ్బకు గీత దాటేశాయి. తెలంగాణ ప్రభుత్వం కూడా 2024 అక్టోబర్‌లో వాహనాల తుక్కు విధానాన్ని ప్రకటించింది.

పోలీసులకు ఒక మినహాయింపు ఉంది. దేశ రక్షణ, శాంతిభద్రతలు, అంతర్గత భద్రత పనుల్లో వాడే సాయుధ కవచ వాహనాలు, ఇతర ప్రత్యేక వాహనాలకు ఈ రూల్ వర్తించదు. బుల్లెట్ ప్రూఫ్ బండి ఉంటే ఉండొచ్చు. ఆఫీసర్ తిరిగే మామూలు కారుకు, ఠాణా ముందుండే పెట్రోలింగ్ బండికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

అసలు అంబాసిడర్‌కు అంత పేరెందుకు?

ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారే మన అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో మొదలుపెట్టింది. 2014 మే 24న అక్కడ తయారీ ఆగిపోయింది. దాదాపు 56 ఏళ్ల పాటు పెద్దగా రూపం మారకుండా వచ్చిన కారు ఇది.

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైచిలుకే. కానీ ఆ చుట్టుపక్కలంతా నిజాంసాగర్ కాలువల కింది నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగుళ్లిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఒక్క తీరుగా ఉండదు. పైగా చెరకు సీజన్ వచ్చిందంటే లోడు ట్రాక్టర్లు, లారీలు, ఎడ్లబండ్లు శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వైపు బారులు తీరేవి. గుంతలు పడ్డ రోడ్డు, దారి పొడవునా రాలిన చెరకు గడలు, అంచు దిగితే బురద. సాలూర దగ్గర మంజీర దాటితే మహారాష్ట్ర. దొంగను వెంబడించాలన్నా, బందోబస్తుకు పోవాలన్నా ఈ దారులే దిక్కు.

ఇలాంటి చోట అంబాసిడర్‌ను నిలబెట్టింది దాని వేగం కాదు. డీజిల్ మోడల్ ఇంజిన్ బలం 40 హార్స్‌పవర్ లోపే. ఇవాళ ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ కూడా దాన్ని ఈజీగా దాటేస్తుంది. మరి దాని బలమెక్కడుందంటే, వెనక కమాన్ పట్టీలు, ముందు టోర్షన్ బార్లు, పెద్ద చక్రాలు, నేలకు కాస్త ఎత్తుగా ఉండే బాడీ. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు కూర్చున్నా మొరాయించదు. లాఠీలు, హెల్మెట్లు, షీల్డులు అన్నీ డిక్కీలో పడతాయి.

రెండోది, రిపేరు. కార్బొరేటర్, పాయింట్లు, డైనమో, ప్లగ్గులు.. బానెట్ ఎత్తితే అన్నీ కళ్లముందే. చెయ్యి పెట్టడానికి జాగా ఉంటుంది. కంప్యూటర్ పెట్టి చూడాల్సిన పనే లేదు. స్పానర్ సెట్టు, కాస్త అనుభవం ఉన్న మెకానిక్ చాలు. అర్ధరాత్రి దారిలో ఆగిపోయినా పోలీసు డ్రైవరే ఏదో ఒకటి చేసి ఠాణాకు చేర్చేవాడు. సొట్ట పడితే షెడ్డుకు పంపితే సుత్తెతో కొట్టి సరిచేసేవారు, మీద పెయింట్ వేసేవారు. పార్టు దొరక్కపోతే లేత్ మిషన్ మీద చేయించేవారు. ఇప్పటి కార్లలో ఒక సెన్సర్ పోతే బండి అక్కడే ఆగుతుంది, షోరూమ్ తెరిచే దాకా ఆగాలి.

ఇక మూడో కారణం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. వేరే దిక్కు లేకపోవడం! 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చే దాకా దేశంలో కార్లంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని లాంటి ఒకటి రెండు పేర్లే. సర్కారే పెద్ద కస్టమర్. పోలీసు శాఖకు సొంత మోటార్ ట్రాన్స్‌పోర్ట్ విభాగం, సొంత మెకానిక్కులు ఉండేవారు. బండి పాడైతే మార్చడం కంటే బాగుచేయడమే తేలిక. ఇరవై ఏళ్లు నడిచిన కారు వెనక ఇనుము ఎంత ఉందో, ఆ మెకానిక్కుల చెమట కూడా అంతే ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

అది గట్టిదే.. కానీ సేఫేనా?

ఇక్కడో అపోహ ఉంది. అంబాసిడర్‌కు లారీలా కింద వేరే చాసిస్ ఉంటుందని, అందుకే అంత గట్టిదని చాలామంది నమ్మకం. నిజానికి అది మోనోకాక్ డిజైన్. అంటే ఇప్పటి కార్లలాగే బాడీ, ఫ్రేమ్ ఒక్కటే. రేకు మందం మాత్రం ఎక్కువ.

రేకు మందంగా ఉంటే బయట సొట్ట తక్కువ పడుతుందేమో కానీ, లోపలున్న మనిషికి అది కాపలా కాదు. పాత అంబాసిడర్లలో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, చాలా కాలం నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇవాళ కొత్త కారుకు ఇవన్నీ తప్పనిసరి. స్పీడుగా వెళ్లి చెట్టుకు గుద్దితే ముందు భాగం నలిగి దెబ్బను తాను తీసుకునే కారే నయం. ‘మా కారుకు ఏం కాలేదు’ అంటే దెబ్బంతా లోపలి మనిషికే తగిలిందని అర్థం కావచ్చు.

ఈ విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ అలిపిరి. 2003 అక్టోబర్ 1న తిరుమల వెళ్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్‌పై నక్సల్స్ క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన ఉన్నది అంబాసిడర్‌లోనే, గాయాలతో బయటపడ్డారు. అయితే అది బుల్లెట్ ప్రూఫ్ కారు. కాపాడిన కవచం అదనంగా బిగించింది, షోరూమ్‌లో దొరికే రేకు కాదు. ఈ తేడా మర్చిపోతే అంబాసిడర్‌కు లేని గొప్ప అంటగట్టినట్టే.

అమెరికాలోనూ అచ్చం ఇదే కథ

అక్కడి పోలీసులకు ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అంటే మన అంబాసిడర్ లాంటిదే. 4.6 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక చక్రాలకు పవర్. దానికైతే నిజంగానే కింద వేరే ఫ్రేమ్ ఉంటుంది. ఎక్కడైనా గుద్దితే పాడైన భాగం మార్చి మళ్లీ డ్యూటీకి పంపేవారు. పోలీసు డ్యూటీ అయిపోయాక వేలంలో కొని ట్యాక్సీలుగా మరికొన్నేళ్లు తిప్పేవారు. 2011 సెప్టెంబర్ 15న కెనడాలోని సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో చివరి కారు తయారైంది. ఆ కారుకూ మచ్చ ఉంది. వెనక నుంచి హైస్పీడ్‌లో గుద్దినప్పుడు పెట్రోల్ ట్యాంక్ అంటుకుని పోలీసులు చనిపోయిన ఘటనలు జరిగాయి. దాంతో ఫోర్డ్ 2002లో ట్యాంక్ దగ్గర రక్షణ షీల్డులు బిగించాల్సి వచ్చింది.

ఇన్నోవాలకూ టైమ్ దగ్గర పడుతోంది

అంబాసిడర్ ఆగిపోయిన ఏడాదే తెలంగాణ వచ్చింది. 2014 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులకు కొత్త ఇన్నోవాలు ఇచ్చారు. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజనతో నిజామాబాద్ పోలీస్ కమిషనరేట్ అయింది. నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ డివిజన్లు దాని కిందికి వచ్చాయి. ఎస్పీ పోయి సీపీ వచ్చారు. 2017 మే 1 నుంచి వీఐపీల కార్ల మీద ఎర్రబుగ్గలు కూడా పోయాయి. బోధన్‌లో అయితే నిజాం షుగర్స్ ఫ్యాక్టరీకే 2015 డిసెంబర్ 23న లేఆఫ్ పడింది. 1937 నాటి ఫ్యాక్టరీ అది. చెరకు బండ్ల బారులు లేని రోడ్ల మీద ఇప్పుడు బొలెరోలు తిరుగుతున్నాయి.

లెక్క వేస్తే, 2014లో రిజిస్టర్ అయిన బండ్లకు 2029లో 15 ఏళ్లు నిండుతాయి. చిట్టచివరి అంబాసిడర్లకూ అదే ఏడాది, ఆ తొలి ఇన్నోవాలకూ అదే ఏడాది. ఇన్నోవా కూడా లక్షల కిలోమీటర్లు నడుస్తుందని పేరున్న బండే. కానీ రూల్ చూసేది మీటర్ కాదు, తేదీ.

ఠాణాలకు అసలు కష్టం ఇక్కడే. పాత బండి దిగే రోజుకు కొత్త బండి రాకపోతే పెట్రోలింగ్ ఆగుతుంది. డయల్ 100కు ఫోన్ చేసిన వాళ్లకు బండి నడిచే దశలో ఉందా, కాగితాల మీద చచ్చిపోయిందా అన్నది అనవసరం. ఎంత సేపట్లో వచ్చిందన్నదే ముఖ్యం. బడ్జెట్‌లో కొత్త వాహనాల డబ్బు ముందే పెట్టుకోవాల్సింది అందుకే.

దిగిన బండి ఎక్కడికి పోతుంది?

ఒకప్పుడు పద్ధతి వేరు. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ చూసి పనికిరాదని తేల్చాక ‘కండెమ్’ చేసేవారు. పోలీసు పరేడ్ గ్రౌండ్‌లో వేలం వేసేవారు. పాడుకున్న వాళ్లు రంగు మార్చి, నంబర్ మార్పించి సొంతానికి తిప్పుకునేవారు. కొందరు ఇంజిన్, గేర్ బాక్స్ తీసి మరో అంబాసిడర్‌లో పెట్టేవారు. పార్టుల బజారు ఇలాగే బతికింది.

ఇప్పుడు 15 ఏళ్లు దాటిన సర్కారు బండి మళ్లీ రోడ్డెక్కే దారి మూసుకుపోయింది. స్క్రాపింగ్ కేంద్రంలో ముందు ఇంధనం, ఆయిల్, బ్యాటరీ, ఏసీ గ్యాస్ తీసేస్తారు. చాసిస్ నంబర్ ఉన్న ముక్కను కోస్తారు. వాహన్ పోర్టల్‌లో రికార్డు మూసేస్తారు. అంతకుముందే సైరన్, వైర్‌లెస్ సెట్, పోలీసు స్టిక్కర్లు తొలగించాలి. లేకపోతే దొంగ పోలీసులకు అవే ఆయుధాలవుతాయి.

ఇదిలా ఉంటే, ఠాణాల ముందు తుప్పు పట్టి కనిపించే బండ్లన్నీ పోలీసులవేనని చాలామంది అనుకుంటారు. కాదు. ఎక్కువ శాతం కేసుల్లో పట్టుబడ్డవి, యాక్సిడెంట్ బండ్లు, ఓనర్ దొరకనివి. సీజ్ చేసిన వాహనాలను ఏళ్ల తరబడి ఠాణాల్లో కుళ్లబెట్టొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. 15 ఏళ్ల రూల్‌కు, ఈ బండ్లకు సంబంధం లేదు. అవి కోర్టు ఆర్డర్లతో కదలాలి.

మీ ఇంట్లో పాత అంబాసిడర్ ఉందా?

ప్రైవేట్ కారుకు 15 ఏళ్లు నిండగానే తుక్కు కావాలన్న రూల్ తెలంగాణలో లేదు. ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు రూ.5 వేలు. 2025 ఆగస్టులో వచ్చిన మార్పుతో 20 ఏళ్లు దాటితే రూ.10 వేలు, జీఎస్టీ అదనం.

సెకండ్ హ్యాండ్‌లో అంబాసిడర్ కొనాలనుకునే వాళ్లు ఆర్సీలో మొదటి ఓనర్ ఎవరో తప్పకుండా చూడాలి. ‘పోలీసు డిపార్ట్‌మెంట్ బండి, వేలంలో వచ్చింది’ అని చెబితే ఏ ఏడాది వేలమో అడగాలి. 2023 ఏప్రిల్ 1 నాటికి ఇంకా ప్రభుత్వం పేరు మీదే ఉండి, 15 ఏళ్లు దాటిన బండి అయితే దాన్ని రోడ్డు మీద తిప్పడానికి లేదు. ఎంత తక్కువకు ఇస్తామన్నా అది పార్టుల ధరే.