ఇంటి స్టీరియోలో ధ్వనిచిత్రం: రెండు స్పీకర్ల అమరిక – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

రెండు స్పీకర్ల నడుమ, ఏ పరికరమూ లేని చోటు నుండి గాయకుని గొంతు వినిపించడం స్టీరియో శ్రవణంలోని విశేషం. గాత్రం, వాద్యాలు తమతమ స్థానాలలో ఉన్నట్లు తోచే ఈ అనుభూతిని ‘ధ్వనిచిత్రం’ అనవచ్చు. అది సహజంగా ఏర్పడటానికి స్పీకర్ల నాణ్యత ఒక్కటే చాలదు. శ్రోత కూర్చునే చోటు కూడా అంతే ముఖ్యం. ఈ నియమానికి గల చారిత్రక కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రెండు చెవుల వినికిడి

1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ అదేర్ ఒపేరా సంగీతాన్ని టెలిఫోన్ తీగల ద్వారా ప్రదర్శనశాలకు చేర్చాడు. చెవికొక రిసీవరు పెట్టుకున్న శ్రోతలు గాయకుల స్థానాలను గుర్తించగలిగారు. అల్ప పౌనఃపున్యాలలో రెండు చెవులను చేరే తరంగాల దశాభేదం, అధిక పౌనఃపున్యాలలో తీవ్రతాభేదం దిశను తెలుపుతాయని 1907లో లార్డ్ రేలీ వివరించాడు.

3. బ్లమ్‌లైన్ పేటెంట్

రిసీవర్లలో ఏ చెవి ధ్వని ఆ చెవికే చేరుతుంది. స్పీకర్ల విషయంలో రెండు చెవులూ రెండింటినీ వింటాయి. లోపంగా కనిపించే ఈ కలయికనే ఇ.ఎం.ఐ. ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ సాధనంగా మలచుకున్నాడు. ఎడమ స్పీకరు ధ్వని ఎడమ చెవికి ముందుగా, కుడి చెవికి కొంత ఆలస్యంగా చేరుతుంది. కుడి స్పీకరుది ఇందుకు విరుద్ధం. ప్రతి చెవి వద్ద ఈ రెండూ కలిసినపుడు, స్పీకర్ల మధ్యనున్న తీవ్రతాభేదం అల్ప పౌనఃపున్యాలలో చెవుల మధ్య దశాభేదంగా మారుతుంది. 1931 డిసెంబరు 14న దాఖలైన ఆయన పేటెంటుకు ఇదే పునాది. ఒకే గాడిలో రెండు సంకేతాలను ముద్రించే పద్ధతి కూడా అందులో ఉంది.

4. మూడు స్పీకర్లా, రెండా?

1933 ఏప్రిల్ 27న బెల్ ప్రయోగశాల ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా సంగీతాన్ని మూడు మార్గాలలో వాషింగ్టన్‌లోని సభాశాలకు ప్రసారం చేసింది. మధ్య స్పీకరు ఉన్నందువల్ల పక్కలకు కూర్చున్నవారికి సైతం ధ్వనిచిత్రం అంతగా చెదరదు. గృహశ్రవణంలో మాత్రం రికార్డు గాడి సంఖ్యను నిర్ణయించింది. గాడికి గోడలు రెండే, గోడకొక సంకేతం. ఈ పద్ధతిలో వెస్ట్రెక్స్ సంస్థ రూపొందించిన విధానం 1957లో ప్రదర్శితమై, 1958లో స్టీరియో రికార్డులు విపణిలోకి వచ్చాయి.

మధ్య స్పీకరు లేని లోటును శ్రోత స్థానమే పూరించాలి. ముందుగా చేరిన ధ్వనే దిశను నిర్ణయిస్తుందని 1949 నాటి ప్రయోగాలు స్పష్టం చేశాయి. అందువల్ల శ్రోత ఒక పక్కకు జరిగితే నడిమి గొంతు దగ్గరి స్పీకరు వైపు ఒరుగుతుంది. రెండు స్పీకర్లు, శ్రోత కలిసి సమబాహు త్రిభుజంగా ఉండాలన్న సూచనకు ఆధారం ఇదే.

5. ముగింపు

1942 జూన్ 7న రాడార్ పరీక్షా విమానం కూలి మరణించిన బ్లమ్‌లైన్, ఇళ్లలోకి స్టీరియో రావడం చూడలేదు. శాలలో పలువురికి పంచదగిన ధ్వనిచిత్రం, గాడి విధించిన పరిమితి వల్ల ఇంట్లో ప్రధానంగా ఒక్క ఆసనానికి చెందినదైంది. కనుక స్పీకర్ల అమరికను అలంకరణ విషయంగా గాక, ఆ ధ్వని రచనలో చివరి అంకంగా గుర్తించాలి.