కళ్యాణపురం నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్ దాకా

ఆస్ట్రేలియా చరిత్ర చెప్పమని యానం నుంచి ఎవరడిగినా నేను కెప్టెన్ కుక్ ఓడతో మొదలుపెట్టను. 1934 డిసెంబర్ 28తో మొదలుపెడతాను. ఆ రోజు నేనుంటున్న బ్రిస్బేన్‌లోనే, ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో, ప్రపంచంలో మొట్టమొదటి మహిళల టెస్ట్ మ్యాచ్ జరిగింది. ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చిన అమ్మాయిలతో ఈ దేశపు అమ్మాయిలు తలపడ్డారు. ఈ దేశం ఎవరిని లోపలికి రమ్మంది, ఎవరిని గుమ్మంలోనే ఆపేసిందన్నది ఆ ఒక్క పర్యటన పట్టుకుని చెప్పుకుపోవచ్చు.

ఆ రోజుల్లో మన ఊరు ఎలా ఉండేదో మీకు తెలుసు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటిష్ ఇండియాలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే శిక్ష. యానం ఫ్రెంచివాళ్లది కాబట్టి ఆ చట్టం మన పొలిమేర దాటి రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెళ్లివారు పిల్లల్ని వెంటబెట్టుకుని మన వీధుల్లోకి దిగేవారు. మన ఊరికి కళ్యాణపురమన్న పేరు అలా వచ్చింది. ఆ పేరు వినసొంపుగా ఉంటుంది గానీ, దాని వెనక పలకా బలపం వదిలేసి పీటల మీద కూర్చున్న పిల్లలు ఎంతమందో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అదే కాలంలో ఇక్కడ మిర్టిల్ మెక్లగన్ అనే ఇరవైమూడేళ్ల ఇంగ్లండ్ అమ్మాయి ఆఫ్ స్పిన్ వేస్తోంది. 17 ఓవర్లు, అందులో 11 మెయిడెన్లు, 10 పరుగులు, 7 వికెట్లు. ఆస్ట్రేలియా 47కే ఆలౌట్. అందులో కాథ్లీన్ స్మిత్ ఒక్కతే 25 చేసింది. ఆస్ట్రేలియా తరఫున యాన్ పామర్ కూడా 18 పరుగులకు 7 వికెట్లు తీసి ఇంగ్లండ్‌ను 154 దగ్గర ఆపింది. రెండో ఇన్నింగ్స్‌లో ఎస్సీ షెవిల్ 63 పరుగులతో చివరిదాకా నిలబడినా, ఇంగ్లండ్ 9 వికెట్ల తేడాతో గెలిచింది. తర్వాత సిడ్నీ టెస్టులో మెక్లగన్ 119 కొట్టింది. మహిళల టెస్టుల్లో అదే తొలి సెంచరీ.

దీనికి రెండేళ్ల ముందే మగవాళ్ల బాడీలైన్ సిరీస్ జరిగింది. బ్యాటర్ ఒంటికి గురిపెట్టి బంతులు వేశారని రెండు దేశాల క్రికెట్ బోర్డులూ టెలిగ్రాముల్లో తిట్టుకున్నాయి. ఆ చేదు ఇంకా పోని చోటికి ఈ అమ్మాయిలు వచ్చారు. ఓడ టికెట్టు ఎవరిది వాళ్లే కొనుక్కున్నారు. అంటే ఆట వచ్చినంత మాత్రాన సరిపోలేదు, చేతిలో నాలుగు డబ్బులుండాలి, నెలల తరబడి సెలవు దొరకాలి. బొగ్గుగని కార్మికుడి కూతురు ఎంత బాగా ఆడినా ఆ ఓడ ఎక్కలేదు.

ఇంగ్లండ్ కెప్టెన్ బెట్టీ ఆర్చ్‌డేల్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఆమె తల్లి హెలెన్ ఆడవాళ్ల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకెళ్లిన మనిషి. బెట్టీ లా చదివింది. 1946లో ఆస్ట్రేలియాకు వలస వచ్చి, సిడ్నీ యూనివర్సిటీలో విమెన్స్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యింది. ఆ తర్వాత అబట్స్‌లీ బాలికల పాఠశాలను ఏళ్లపాటు నడిపింది. ఆటకు వచ్చిన దేశాన్నే చివరికి సొంతం చేసుకుంది.

ఆమె రాగలిగింది, ఎందుకంటే తెల్లమ్మాయి. ఈ మాట దాటవేస్తే నేను చెప్పేది చరిత్రే కాదు. 1901లో ఈ దేశం చేసిన మొదటి చట్టాల్లో ఒకటి తెల్లవాళ్లు కానివారిని రానీయకుండా ఆపడానికి చేసింది. సిడ్నీకి చెందిన సీఎస్ఆర్ పంచదార కంపెనీ ఫిజీలో చెరకు నరకడానికి గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా మన తెలుగువాళ్లను పెట్టుకుంది. వాళ్ల చెమట ఆ కంపెనీకి కావాలి, వాళ్లు మాత్రం కంపెనీ ఉన్న దేశంలో అడుగుపెట్టకూడదు. తెల్లవాళ్లు కానివారిని ఆపే ఆ విధానం పూర్తిగా పోయేసరికి 1973 వచ్చింది. నాలాంటివాళ్లు ఇక్కడున్నామంటే ఆ తర్వాతి సంగతే.

అసలు ఈ నేల ఎవరిదో వాళ్ల గతి ఇంకా ఘోరం. 1902లో ఆస్ట్రేలియా ఆడవాళ్లకు ఓటు ఇచ్చిన చట్టమే ఆదివాసులను పక్కకు నెట్టేసింది. క్వీన్స్‌లాండ్‌లోనైతే 1897 చట్టం కింద ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఎక్కడ పనిచేయాలో, ఎవరిని పెళ్లాడాలో కూడా అధికారే చెప్పేవాడు. అలాంటి రోజుల్లో, ఇదే పర్యటనలో, స్ట్రాడ్‌బ్రోక్ దీవికి చెందిన ఎడ్నా క్రౌచ్, మేబెల్ క్రౌచ్ అనే ఆదివాసి అమ్మాయిలు క్వీన్స్‌లాండ్ తరఫున ఇంగ్లండ్ మీద ఆడారు. బెట్టీ పేరు తెలిసిన క్రికెట్ అభిమానుల్లో ఈ ఇద్దరి పేర్లు ఎందరికి తెలుసు?

ఆస్ట్రేలియా జట్టులో ఆదివాసి మహిళ కనిపించడానికి 1958 దాకా పట్టింది. ఆమె ఫెయిత్ థామస్, నర్సు, ఫాస్ట్ బౌలర్. మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డాలో ఇంగ్లండ్ మీద ఆడింది. బెట్టీ విల్సన్ ఏడు పరుగులకు ఏడు వికెట్లు తీసి, సెంచరీ కూడా కొట్టిన మ్యాచ్ అదే. దేశం తరఫున టెస్టు ఆడిన ఫెయిత్ జాతివాళ్లందరికీ జాతీయ ఎన్నికల్లో ఓటుహక్కు దక్కింది 1962లో. మన యానం చట్టప్రకారం భారతదేశంలో కలిసిందీ అదే ఏడాది, ఆగస్టు 16న.

ఫెయిత్ తర్వాత మరో ఆదివాసి మహిళ ఆస్ట్రేలియా తరఫున టెస్టు ఆడటానికి 61 ఏళ్లు పట్టింది. 2019లో ఆష్లీ గార్డ్‌నర్ ఆడింది. ఈలోగా 1977లో శాంతా రంగస్వామి మన అమ్మాయిల జట్టును పెర్త్ తీసుకొచ్చింది. తలుపులు తెరిచి అప్పటికి నాలుగేళ్లే.

ఆ గార్డ్‌నర్ 2025 అక్టోబర్ 12న మన విశాఖలో ప్రపంచకప్ మ్యాచ్ ఆడింది. ఇండియా 330 చేస్తే, అలీసా హీలీ 142తో ఆస్ట్రేలియా దాన్ని కొట్టేసింది. ఓడినందుకు బాధపడ్డాను, కానీ ఆ సాయంత్రం కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి మూడు వికెట్లు తీస్తుంటే గొంతు పోయేలా అరిచాను. అదే రోజు ఆ స్టేడియంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. కల్పన విజయవాడ వికెట్ కీపర్, ఆటో డ్రైవర్ కూతురు. యానం నుంచి విశాఖ ఎంతో దూరం కాదు. ఈసారి మ్యాచ్ పడితే మీ ఆడపిల్లల్ని తీసుకుని వెళ్లండి, కల్పన గేటు ఎటుందో అడిగి ఆ దారినే లోపలికి వెళ్లండి.