డబ్లిన్ నడివీధిలో నల్లని ఐరిష్ బిడ్డ

2004 జూన్‌లో ఐర్లండ్ ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, విదేశీయుల సంతానానికి తన గడ్డపై పుట్టుకతో లభించే పౌరసత్వ హక్కును తొలగించింది. తల్లిదండ్రుల్లో ఒకరు అక్రమ వలసదారైనా ఆ హక్కు చెల్లదన్న చట్టసవరణ భారతదేశంలో అమలుకు వచ్చినదీ ఆ ఏడాది డిసెంబరులోనే. మరుసటి ఆగస్టులో డబ్లిన్‌లోని హ్యారీ స్ట్రీట్‌లో ఫిల్ లైనట్ కాంస్య విగ్రహం వెలిసింది.

థిన్ లిజ్జీ రాక్ బృందానికి గాయకుడూ బేస్ గిటార్ వాద్యకారుడూ అయిన లైనట్ 1949లో ఇంగ్లండ్‌లో జన్మించాడు. తల్లి అవివాహిత ఐరిష్ యువతి. తండ్రి బ్రిటిష్ గయానాకు చెందిన నల్లజాతీయుడు. డబ్లిన్‌లోని క్రమ్లిన్‌లో అమ్మమ్మ ఇంట పెరిగాడు. వలసపాలన నుంచి బయటపడిన ఐర్లండ్ తనను తెల్లని కాథలిక్ సమాజంగానే ఊహించుకున్న కాలమది. ఆ బిడ్డే 1972లో ‘విస్కీ ఇన్ ది జార్’ అనే పాత ఐరిష్ జానపద గేయాన్ని రాక్ బాణీలో పాడి బ్రిటన్‌లోనూ మార్మోగించాడు. 1979 నాటి ‘బ్లాక్ రోజ్’ ఆల్బమ్‌లో ఐరిష్ పురాణ వీరులను, కవులను స్మరించాడు.

మాదకద్రవ్యాల వ్యసనం అతనిని 36 ఏళ్లకే బలిగొన్నది. 1986 జనవరి 4న మరణించాడు. ఏటా ఆ రోజున అభిమానులు డబ్లిన్‌లో గుమిగూడి అతని పాటలు పాడుకుంటారు. విగ్రహం చెంత గిటార్ మీటే ప్లెక్ట్రమ్‌లు ఉంచి వెళతారు. అతని వంశవృక్షాన్ని వారెవరూ అడగరు.