కింది సభలో మన సీటు, పై సభలో మన లెక్క

అరకు, పాడేరు, ములుగు, ఆసిఫాబాద్ వంటి చోట్ల నుంచి ఆదివాసీ ఎమ్మెల్యే గెలవడం ఇప్పటి యువతకు వింతగా అనిపించదు. అయితే ఆ సీటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. దాని వెనుక పోరాటం ఉంది, చట్టం ఉంది, ఒక లెక్క ఉంది. ఆ లెక్క పై సభకు వచ్చేసరికి మారిపోతుంది. ఈ రెండూ మన పిల్లలకు తెలియాలి.

బ్రిటిష్ పాలనలో అందరికీ ఓటు లేదు. ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే ఉండేది. అలా ఎన్నికైన రాష్ట్ర శాసనసభ్యులే 1946లో రాజ్యాంగ సభ సభ్యులను ఎన్నుకున్నారు. అందుకే ఆ సభలో ఆదివాసీలు చాలా కొద్దిమందే. వారిలో జైపాల్ సింగ్ ముండా ఒకరు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ ఆయనే. తాను అడవి బిడ్డనని గర్వంగా చెప్పుకుంటూ ఆ సభలో మన తరఫున నిలబడ్డారు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 330వ అధికరణం లోక్‌సభలో, 332వ అధికరణం అసెంబ్లీలో షెడ్యూల్డ్ తెగలకు జనాభాను బట్టి సీట్లు కేటాయించాయి. ఆ సీటులో ఓటు అందరిదీ, పోటీ మాత్రం ఎస్టీ అభ్యర్థులదే. మొదట పదేళ్లకే అన్న ఈ ఏర్పాటును సవరణలతో పొడిగిస్తూ వచ్చారు. 104వ సవరణ ప్రకారం ఇప్పటి గడువు 2030 జనవరి.

తొలి రెండు సాధారణ ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యేవారు. ఒకటి జనరల్ సీటు, ఇంకొకటి రిజర్వుడు సీటు. మన పార్వతీపురం అలాంటిదే. 1957లో అక్కడ కేంద్ర మాజీ మంత్రి వి.వి. గిరి ఓడిపోయారు. గెలిచిన ఇద్దరూ ఆదివాసీలే. ఒకరు రిజర్వుడు సీటులో, రెండోవారైన డిప్పల సూరిదొర జనరల్ సీటులో. గిరి కోర్టుకు వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికను నిలబెట్టింది. రిజర్వేషన్ ఉన్నంత మాత్రాన ఆదివాసీకి జనరల్ సీటు తలుపు మూసుకుపోదని ఆ తీర్పు చెప్పింది. రెండేళ్లకు, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను చట్టం చేసి రద్దు చేశారు. ఓడిన గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. గెలిచిన సూరిదొర పేరు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు.

సీట్ల సంఖ్యను నిర్ణయించేది జనగణన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఎస్టీ సీట్లు 15 ఉండేవి. 2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనతో, 2009 ఎన్నికలకు అవి 19 అయ్యాయి. లోక్‌సభ సీట్లు రెండు నుంచి మూడుకు పెరిగాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ అసెంబ్లీలో 119కి 12, ఆంధ్రప్రదేశ్‌లో 175కి 7 మన వంతుకు వచ్చాయి. లోక్‌సభకు ఆదిలాబాద్, మహబూబాబాద్, అరకు మిగిలాయి. దేశం మొత్తం మీద 543 లోక్‌సభ సీట్లలో 47 ఎస్టీలవి.

ఇక పై సభల సంగతి. మా హాస్టల్‌లో పౌరశాస్త్రం చెబుతుంటే ఒక అమ్మాయి, "మేడమ్, రాజ్యసభలో మనకు ఎన్ని సీట్లు?" అని అడిగింది. రిజర్వు చేసినది ఒక్కటీ లేదు. 330, 332 అధికరణాలు కింది సభలకే. మహిళలకు మూడోవంతు సీట్లు ఇచ్చే 2023 నాటి 106వ సవరణ కూడా పై సభలను తాకలేదు.

రాజ్యసభలో తెలంగాణకు 7, ఆంధ్రప్రదేశ్‌కు 11 సీట్లు. వాటికి ఎమ్మెల్యేలే ఓటర్లు. అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యతలు వేస్తారు. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 100గా లెక్కిస్తారు. మొత్తం విలువను ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపి భాగించి, వచ్చినదానికి మరొకటి కలిపితే గెలుపు కోటా. తెలంగాణలో మూడు ఖాళీలు అనుకుందాం. 11,900ను 4తో భాగిస్తే 2,975, ఒకటి కలిపితే 2,976. అంటే తొలి ప్రాధాన్యతతోనే గెలవడానికి 30 మంది ఎమ్మెల్యేలు కావాలి. రిజర్వుడు సీట్ల ఎమ్మెల్యేలు 12 మందీ పార్టీలు మరిచి ఒక్కటైనా చాలరు. ఆంధ్రప్రదేశ్‌లో అదే మూడు ఖాళీలకు 44 మంది కావాలి, అక్కడ ఉన్నది ఏడుగురు. పైగా 2003 నుంచి ఎమ్మెల్యే తన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి వేయాలి. అందువల్ల పార్టీ పిలిచి నిలబెడితేనే మనవారికి రాజ్యసభ దారి.

శాసన మండలి దారి కొంచెం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 1958లో ఏర్పడింది, 1985లో రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది. ఇప్పుడు అక్కడ 58 మంది, తెలంగాణలో 40 మంది సభ్యులు. ఇక్కడా రిజర్వేషన్ లేదు. కానీ ఓటర్లు ఎమ్మెల్యేలే కాదు. ఆంధ్రప్రదేశ్ మండలిలో 20 మందిని ఎమ్మెల్యేలు, 20 మందిని స్థానిక సంస్థల సభ్యులు, ఐదుగురిని పట్టభద్రులు, ఐదుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగతా 8 మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. ఏజెన్సీలో గెలిచిన మన ఎంపీటీసీ, జెడ్పీటీసీకి మండలి ఎన్నికలోనూ ఓటు ఉందని చాలామందికి తెలియదు.

పట్టభద్రుల ఓటు నేరుగా మీదే. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటినవారు ఫారం 18 నింపి నమోదు చేసుకోవాలి. అసెంబ్లీ ఓటరు జాబితాలో పేరు ఉన్నా ఇది వేరే జాబితా. ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు కాబట్టి ప్రతిసారీ నమోదు కావాలి. మన గూడేల నుంచి డిగ్రీలు చేసినవారు ఇప్పుడు తక్కువేమీ కాదు. జాబితాలో పేరు లేకపోతే ఆ డిగ్రీకి ఓటు లేనట్టే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జనగణన వాళ్లు గూడేనికి వచ్చినప్పుడు పనికి వెళ్లిన ఇల్లు, కొండ మీది ఇల్లు ఏదీ తప్పిపోకుండా చూడండి. మీ తెగ పేరు సరిగ్గా రాయించండి. కింది సభలో రేపటి మన సీట్లు ఆ కాగితం మీదే తేలతాయి. పై సభలో మనకు రాసిపెట్టిన సీటు లేదు. అక్కడ మన బలం, నమోదైన ఒక్కొక్క ఓటూ లెక్కపెడితే వచ్చేదే.