గడపకి ఇటువైపు ఇంగ్లీషు

ఇంటర్మీడియట్ ఇంగ్లీషు అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది పదో తరగతి తర్వాతి రెండేళ్ళు, ఎంపీసీ, బైపీసీ, పరీక్షకి ముందురోజు బట్టీపట్టిన వ్యాసాలు. టూరిజం కోర్సు విద్యార్థులకి ఇంగ్లీషు చెప్పే మిత్రుడొకాయన "మావాళ్ళది ఇంటర్మీడియట్ లెవెల్, నాలుగు శనివారాలు వచ్చి కాస్త మాట్లాడించు" అన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. ఆయన చెప్పింది వేరే ఇంటర్మీడియట్. చిన్నచిన్న వాక్యాలు వచ్చేసి, ధారాళంగా మాట్లాడ్డం ఇంకా రాని మధ్య మెట్టు. యూరప్ వాళ్ళ కొలతలో దాన్ని బీ1 అంటారు.

మొదటి శనివారం ఒకమ్మాయి రామప్ప గుడి గురించి గైడులా నిలబడి చెప్పింది. తడబాటు లేదు. "రామప్ప బిల్ట్ దిస్ టెంపుల్ ఇన్ 1213" అంది. నిజమేనా అని తెలుగులో అడిగాను. "రామప్ప అనే శిల్పి కట్టాడట సార్, అందుకే ఆ పేరొచ్చిందంటారు. శాసనంలో మాత్రం కట్టించింది రేచర్ల రుద్రుడని ఉంది, గణపతిదేవుడి సేనాని" అంది. తెలుగులో ఆ అమ్మాయి మాట చరిత్రకారుల మాటలా ఉంది. "కట్టాడట" ఒకచోట, "అంటారు" ఒకచోట, "శాసనంలో మాత్రం" ఇంకోచోట. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మూడూ రాలిపోయాయి. ఐతిహ్యం కాస్తా తేదీతో సహా నిజమై కూర్చుంది.

ఆ "ట" ఎక్కడ పోయిందో వెతుకుతూ ఈ చదువు చరిత్ర కొంత చదివాను. నేను ఈ రంగం వాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయినా చదివేకొద్దీ ఒక సంగతి తేటపడింది. ప్రయాణాల కోసం రాసిన భాషా పుస్తకాల్లో ఎక్కువభాగం వచ్చేవాడి కోసం రాసినవి. గడప దగ్గర ఎదురొచ్చి మాట్లాడేవాడి కోసం రాసినవి తక్కువ, అవీ ఆలస్యంగా వచ్చాయి.

ఇంగ్లండులో తొలి ముద్రాపకుడు విలియం కాక్స్‌టన్ 1480 ప్రాంతాల్లో ఫ్రెంచి-ఇంగ్లీషు సంభాషణల పుస్తకం ఒకటి అచ్చేశాడు. దానికి మూలం పద్నాలుగో శతాబ్దంలో బ్రూజ్ నగరంలో పుట్టిన ఇంకో సంభాషణల పుస్తకం. పలకరింపులు, బేరాలు, సత్రంలో బస, ఇలా సాగుతుంది. వాడుకునేది వ్యాపారం మీద తిరిగే మనిషి. పంతొమ్మిదో శతాబ్దంలో రైళ్ళొచ్చాయి. 1841లో థామస్ కుక్ లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మద్యపాన వ్యతిరేకుల్ని రైల్లో తీసుకెళ్ళాడు. అంతకు కాస్త ముందే మరే, బేడెకర్ల గైడు పుస్తకాలు మొదలయ్యాయి. జేబులో పట్టే సంభాషణల పుస్తకాలు కూడా యాత్రికుడి సామానులో భాగమయ్యాయి. గది చూపించు, బిల్లు తెప్పించు, బండి పిలిపించు అని అడగడం అవి నేర్పుతాయి. ఆ మాటలు వినేవాడు బదులేం చెప్పాలో వాటికి పట్టదు.

మరి బదులు చెప్పేవాళ్ళు లేరా అంటే, మన మద్రాసులోనే ఉన్నారు. ఓడ దిగిన కొత్త దొరకి ఇల్లు, పల్లకీ, నౌకర్లు కుదిర్చిపెట్టిన దుబాసీలు. పేరులోనే రెండు భాషలున్న మనుషులు. దుబాసీ అనగానే దొర మాటని అటూ ఇటూ మోసేవాడనుకుంటాం. కానీ మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్ళొచ్చి, దారిలో చూసిన ఊళ్ళ గురించి, మనుషుల గురించి, ధరల గురించి రాసింది కాశీయాత్ర చరిత్ర అయింది. ఇతరుల మాటల్ని అనువదించడం ఉద్యోగంగా ఉన్న మనిషికి సొంతంగా చూడ్డం, విన్నది రాసుకోవడం కూడా తెలుసు. దుబాసీతనం అంటే "యెస్ సర్" ఒక్కటే కాదన్నమాట.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ వ్యవహారం శాస్త్రమయింది. ఐరోపా మండలి కోసం వాన్ ఎక్ 1975లో థ్రెషోల్డ్ లెవెల్ అనే పత్రం తయారుచేశాడు. వ్యాకరణ సూత్రాల వరసని పక్కనపెట్టి, మనిషి భాషతో ఏమేం పనులు చేస్తాడో జాబితా వేశాడు. అడగడం, ఒప్పుకోవడం, కాదనడం, క్షమాపణ చెప్పడం. థ్రెషోల్డ్ అంటే గడప. అతను మనసులో పెట్టుకున్నది ముఖ్యంగా పరాయి దేశానికి కొద్దిరోజులు వెళ్ళేవాళ్ళని. ఆ గడపే 2001లో వచ్చిన ఉమ్మడి కొలమానంలో బీ1 అయింది. బీ1 వర్ణన చదివితే అందులో మొదట్లోనే కనిపించేది, ఆ భాష మాట్లాడే చోట ప్రయాణిస్తున్నప్పుడు ఎదురయ్యే పరిస్థితుల్ని నెట్టుకురాగలగడం. వరంగల్లు పిల్ల ఎక్కడికీ ప్రయాణించడం లేదు. ప్రయాణించి వచ్చేవాళ్ళకి ఎదురెళ్తోంది. అయినా ఆమెను కొలిచే బద్ద యాత్రికుడిదే.

గడపకి ఇటువైపు మనిషి గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. 1978లో జాన్ మన్‌బీ రాసిన సిలబస్ రూపకల్పన పుస్తకంలో నమూనాగా తీసుకున్నవాళ్ళలో ఒకడు స్పెయిన్ హోటల్లో హెడ్ వెయిటర్. అతను ఎవరితో, ఎక్కడ, ఏ స్వరంలో, ఏమేం మాట్లాడాలో సూక్ష్మంగా విడగొట్టాడు మన్‌బీ. మా రంగంలో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చూసినవాళ్ళకి అది ఇట్టే అర్థమవుతుంది. దానిమీద వచ్చిన విమర్శ కూడా మాకు కొత్త కాదు. నేర్చుకునేవాడి గురించి సమాచారమంతా పోగుచేశారు గానీ, నీకేం కావాలయ్యా అని వాణ్ణి అడగలేదు. తొంభైల తర్వాత ఇంగ్లీషు ప్రచురణ సంస్థలు టూరిజం ఇంగ్లీషుకి ప్రత్యేకంగా పాఠ్యపుస్తకాలు వేశాయి. రిసెప్షన్, బుకింగ్, ఫిర్యాదులు, దారి చెప్పడం, ఇలా పని వరసలో పాఠాలు. పనికొచ్చేవే, కాదనను. ఐతే అతిథి సంతోషం చుట్టూ అల్లిన భాషలో "అది నిజం కాకపోవచ్చండీ" అనే వాక్యానికి దక్కే చోటు తక్కువ.

నాకు ఆశ కలిగించింది మన దక్షిణాదిలోనే జరిగిన ప్రయోగం. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగుళూరు, మద్రాసు వంటిచోట్ల మామూలు బడుల్లో చేసిన పని. పిల్లలకి వాక్యాల నమూనాలు అప్పజెప్పకుండా రైళ్ళ టైంటేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి సమస్య తేల్చమన్నాడు. అర్థం కోసం బుర్ర పెట్టి తంటాలుపడుతుంటే వ్యాకరణం దానంతటదే కుదురుకుంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీద వాదాలున్నాయి. కానీ టూరిజం క్లాసులో సమస్య కోసం వెతుక్కోనక్కర్లేదు. రామప్పలో శాసనం ఒకటి చెప్తుంది, ఊరి జనం ఇంకోటి చెప్తారు, యునెస్కో 2021లో గుర్తింపు ఇస్తూ గుడి పని 1213లో మొదలై నలభై ఏళ్ళపాటు సాగిందని భావిస్తున్నట్టు రాసింది. ఈ మూడూ వచ్చినవాళ్ళకి ఎలా చెప్తావు?

ఇది తేల్చాలంటే కావలసింది సరిగ్గా ఆ మధ్య మెట్టు ఇంగ్లీషే. "ఇట్ ఈజ్ సెడ్ దట్", "అకార్డింగ్ టు ది ఇన్‌స్క్రిప్షన్", "ఈజ్ బిలీవ్డ్ టు హావ్". పాసివ్ వాయిస్ పాఠంలో మార్కుల కోసం అటూ ఇటూ తిప్పించే వాక్యాలే ఇవి. మన "ట"కి ఇంగ్లీషులో ఉన్న దారులు ఇవేనని మాకు ఎవరూ చెప్పలేదు. తర్వాతి శనివారం క్లాసు మొత్తం ఇదే పని. భాగమతి పేరుమీద భాగ్యనగరం, చప్పట్లు వినిపించే గోల్కొండ, నీళ్ళలో తేలే రామప్ప ఇటుక. ఏది విన్నది, ఏది చదివింది, ఏది వెళ్ళి చూసుకోవచ్చు అని తెలుగులో విడగొట్టి, తర్వాత ఇంగ్లీషులో చెప్పించాం. అన్నీ తప్పులే వచ్చాయి, కానీ అవి వాళ్ళ సొంత వాక్యాలు.

ఆఖరి శనివారం ఆ అమ్మాయి రామప్ప గురించి మళ్ళీ చెప్పింది. ఈసారి రెండుసార్లు ఆగింది, ఒకచోట క్రియ తప్పింది. ఐనా రుద్రుడు శాసనంలో ఉన్నాడు, రామప్ప జనం మాటలో ఉన్నాడు. అయ్యాక దగ్గరికొచ్చి అడిగింది: "సార్, టూరిస్టు తను ఎక్కడో చదివొచ్చింది చెప్తాడు. అది తప్పని నాకు తెలుసు. అంటే ఫీలవుతాడేమో, రేటింగ్ తగ్గిస్తాడేమో. ఊరుకోవాలా?"

ఊరుకోవద్దన్నాను. మర్యాదగా ఎలా కాదనాలో ఇద్దరం కూర్చుని నాలుగు వాక్యాలు రాసుకున్నాం. ఉద్యోగంలోకి వెళ్ళాక ఆ అమ్మాయి వాటిని వాడగలుగుతుందా అన్నది ఇంగ్లీషు ఒక్కటే తేల్చే విషయం కాదని నాకూ తెలుసు. కానీ ఆ నాలుగు వాక్యాలూ రాకపోతే ఆ ప్రశ్న దాకా కూడా వెళ్ళలేం కదా.