చిత్రలేఖన విద్య (ఉన్నత పాఠశాలా దశ): పల్నాటి సీమ

ఉన్నత పాఠశాలలలో పై తరగతులకు బోధింపబడు చిత్రలేఖనమునకు రేఖ, ప్రమాణము, ఛాయావిభాగము, వర్ణమేళనము ఆధారాంగములని పాఠ్యగ్రంథములు సామాన్యముగ చెప్పుచున్నవి. ప్రాచీనుల గణనలో ఇవి ఆరు: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఈ షడంగములు కామసూత్రములకు యశోధరుడు రచించిన జయమంగళా వ్యాఖ్యయందు గానవచ్చుచున్నవి. యశోధరుడు పదుమూడవ శతాబ్దివాడని పలువురి మతమేగాని కాలము నిర్ణీతము కాదు. అవనీంద్రనాథ ఠాకూరు వీనిని ఇరువదవ శతాబ్ది తొలిపాదమున మరల వ్యాఖ్యానించిన పిమ్మట కళాశాలలందు వీనికి ప్రచారము కలిగెను. భావలావణ్యములు వయఃపరిపాకముతో అలవడునవి గనుక, బాలురకును బాలికలకును ప్రమాణసాదృశ్యములనే ముందుగ నేర్పుట యుక్తము.

వినుకొండ ప్రాంతపు విద్యార్థికి ఈ రెండంగములకును సమీపమైన దృష్టాంతము అమరావతి స్తూపము. లేతపచ్చనిచాయ గల పల్నాటి సున్నపురాతి ఫలకములతో శోభిల్లిన ఆ స్తూపపు దిబ్బను, వాసిరెడ్డి వేంకటాద్రినాయుని నూతన పట్టణ నిర్మాణకాలమున ఇటుకలకును రాళ్లకును త్రవ్వుచుండగా, కర్నలు కాలిన్ మెకంజీ దర్శించెను. ఆ దర్శనము 1797లో జరిగినదని కొన్ని గ్రంథములును, 1798లో అని మఱికొన్నియు చెప్పుచున్నవి. అది స్వల్పకాల దర్శనమే గాన, శాస్త్రీయమగు పరిశీలనమును 1816లో ఆయన మరలివచ్చి చిత్రకారులచే ఫలకములను చిత్రింపజేయుటతో ఆరంభమైనదిగ నెంచుట మేలు. అప్పుడు సిద్ధమైన ఎనుబదికి పైబడిన పటములు నేడు లండనునందలి బ్రిటిషు గ్రంథాలయమున నున్నవి. తరువాతి కాలమున ఆ ఫలకములలో కొన్ని ఇతర కట్టడములలో చేరిపోయెను. కొన్ని సున్నముకై కాల్పబడినవని చెప్పుదురు. 1845లో వాల్టరు ఇలియట్టు త్రవ్వించినవి మొదట మదరాసు చేరి, వానిలో పెక్కు 1859లో లండనునకు తరలింపబడెను. నశించిన ఫలకముల విషయమున మనకు మిగిలిన సాక్ష్యము ఆ పటములు మాత్రమే. గీచినవారు విఱిగిన ముఖమును తమ యూహచే పూరించి, శిథిలమైన అంచును చక్కదిద్ది యుండినచో ఆ సాక్ష్యము చెల్లకపోయెడిది. కావున శిల్పమును చూచి గీయు విద్యార్థి విఱిగినదానిని విఱిగినట్లే గీచి, కొలతను, స్థలమును, తేదీని పటము క్రింద వ్రాయుట యనునది అలంకారప్రాయము కాదు, విద్యాధర్మము. శాసనాక్షరములు స్పష్టమగుటకై వానిలో సుద్ద రుద్దుట, శిల్పముపై నూనె పూయుట అపచారములు. రక్షిత కట్టడములకు హాని చేయుటను 1958 నాటి చట్టము దండనీయముగ పరిగణించుచున్నది.

ఆంధ్రదేశమున చిత్రకళాబోధనమునకు మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాలయు, రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు (1897-1925) నెలకొల్పిన చిత్రకళాశాలయు మార్గదర్శకములు. మొదటిదానియందు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు బోధించెను. ఆయన శిష్యుడగు అడివి బాపిరాజు అనంతరకాలమున అచటనే ప్రధానాచార్యుడయ్యెను. రామారావును బొంబాయి కళాశాలకు పంపుటకు తోడ్పడినవాడు రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే. గుంటూరు మండలమున కళావిమర్శకు తుమ్మపూడి వాస్తవ్యుడగు సంజీవదేవ్ (1914-1999) పేరెన్నిక గన్నవాడు. పాఠశాలలందు డ్రాయింగు మాస్టర్ల నియామకమునకు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు చిరకాలము ప్రాతిపదికగ నుండెను.

వర్ణద్రవ్యముల విషయమున జాగరూకత యావశ్యకము. పూర్వులు వాడిన హరిదళమున పాషాణమును, ఇంగిలీకమున పాదరసమును, సీసపు తెలుపున సీసమును కలవు. నేటి పాఠశాల రంగులలో ఇవి సాధారణముగ నుండవు గాని, విడిగా అమ్ముడగు పొడిరంగుల విషయమున అట్టి భరోసా లేదు. కుంచెమొనను నోట తడిపి కూర్చుట, రంగులు గల బల్లమీద భుజించుట, టర్పెంటైనును మూసిన గదిలో వాడుట కూడవు. ప్రత్తి, మిరప పండు ఈ సీమయందు మఱియొక ప్రమాదము కలదు. పురుగుమందులు నిలువచేసిన డబ్బాలు ఇండ్లలో విరివిగ దొరకుచుండుటచే, వానిని కడిగి కుంచెలనీళ్లకు వినియోగించుట సంభవించును. ఎంత కడిగినను అవి పిల్లల చేతికి తగవు. ఉపాధ్యాయుడు ఈ సంగతిని తొలినాడే చెప్పవలెను.

అనుకరణమును గూర్చి అభిప్రాయభేదము కలదు. పత్త్రికలలోని బాపు బొమ్మలను, చందమామ ముఖచిత్రములుగ వెలువడిన వడ్డాది పాపయ్య వర్ణచిత్రములను చూచి గీయుచు చేయి కుదుర్చుకొన్నవారు తెలుగునాట అసంఖ్యాకులు. దీనిని కొందఱు సృజనకు విఘ్నమందురు. అభ్యాసముగ అనుకరించుట దోషము కాదనియు, మూలచిత్రకారుని పేరు విడిచి తన సంతకముతో ప్రదర్శనమునకో పోటీకో పంపుటయే దోషమనియు చెప్పుట సమంజసముగ తోచుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి చిత్రకారుని రచనకు రక్షణ సామాన్యముగ ఆయన జీవితకాలమును, మరణానంతరము అరువది సంవత్సరములును వర్తించును. 1992లో గతించిన పాపయ్య చిత్రములకును, 2014లో గతించిన బాపు చిత్రములకును ఆ గడువు ఇంకను తీరలేదు.