రోగిశయ్య చెంత: నర్సు పరిశీలనా చరిత్రము

చరకసంహితయందు సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయము చికిత్సకు వైద్యుడు, ద్రవ్యము, ఉపస్థాత, రోగి యను నాలుగు పాదములను నిర్దేశించినది. మూడవ పాదమైన ఉపస్థాతకు, అనగా రోగిచెంత నిలిచి సేవ చేయువానికి, ఉపచారజ్ఞత, దాక్ష్యము, రోగియందు అనురాగము, శౌచము అను గుణములు కావలెనని ఆచార్యుని శాసనము. అదే స్థానమున పదునైదవ అధ్యాయము, ఆతురుల కొఱకు కట్టవలసిన గృహమును వర్ణించుచు, పప్పుకట్టును అన్నమును వండుట, స్నానము చేయించుట, ఒళ్లు పట్టుట, రోగిని లేవదీసి కూర్చుండబెట్టుట, మందులు నూఱుట మొదలగు పనులలో నేర్పరులైన పరిచారకులనే గాక, పాటలు పాడువారిని, కథలు చెప్పువారిని గూడ అచ్చట నుంచుమని చెప్పినది. ఎంత దయగల యేర్పాటు! అయినను, వ్యాధి పోకడను కనిపెట్టి వైద్యునకు తెలుపు బాధ్యతను మాత్రము శాస్త్రము నాలుగవ పాదమైన రోగికే, జ్ఞాపకత్వమను పేర, విధించినది. స్పృహ తప్పి పలవరించు రోగి తన స్థితిని తాను ఎట్లు తెలుపగలడు? అతని పక్షమున చూచి చెప్పు పని పరిచారిక చేతికి వచ్చిన కథయే, నా దృష్టిలో, ఆధునిక నర్సు వృత్తి చరిత్రమునకు ప్రాణము.

ఆ కథకు పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున స్పష్టమైన రూపమేర్పడినది. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, ఫ్లారెన్స్ నైటింగేలు 38 మంది స్త్రీలతో స్కుటారి సైనిక వైద్యశాలకు చేరునప్పటికి, అచ్చట గాయములవలన మరణించువారికంటె విషజ్వరములు, కలరా, రక్తగ్రహణి వలన మరణించువారే అధికులు. మఱుసటి సంవత్సరము మార్చిలో పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి మురుగుకాలువలను బాగుచేయించిన పిమ్మటనే మరణములు విశేషముగ తగ్గినవి. యుద్ధానంతరమున ఆ లెక్కలను పరిశీలించి ఆమె యీ సత్యమును గ్రహించెను. 1859లో వెలువడిన ఆమె గ్రంథము, నర్సింగును గూర్చిన ఆ చిన్నపుస్తకము, రోగిని పరిశీలించుట కొఱకే ఒక అధ్యాయమును ప్రత్యేకించినది. రోగి రాత్రి బాగుగ నిద్రించెనా యని యడుగుట వ్యర్థమనియు, ఎన్ని గంటలు, ఏ వేళ నిద్రించెనో యడుగవలెననియు, ఆకలి యున్నదా యని గాక ఏమి తిన్నాడో, ఎంత విడిచినాడో చూడవలెననియు ఆమె బోధ. 1860లో లండనునందలి సెయింటు థామసు వైద్యశాలలో ఆమె పేర వెలసిన పాఠశాల యీ బోధకు స్థిరమైన ఆశ్రయమయ్యెను.

కంటికి తోడు యంత్రములు వచ్చినవి. లైప్జిగు నగరమున ఉండర్లిఖు అను వైద్యుడు సుమారు 25,000 మంది రోగుల దేహోష్ణమును కొలిపించి, 1868లో ప్రకటించిన గ్రంథమున ఒక్కొక్క జ్వరమునకు ఒక్కొక్క విధమైన రేఖ యుండునని నిరూపించెను. అప్పటి థర్మామీటరు అడుగు పొడవుండి, ఇరువది నిమిషములు చంకలో నిలుపవలసినదై యుండుటచేత, అది వార్డులలో నిత్యము వాడదగినది కాకపోయెను. ఇంగ్లండున క్లిఫర్డు ఆల్బట్టు 1866లో ఆరంగుళముల పొడవుగల, ఐదు నిమిషములలో కొలువగల థర్మామీటరును రూపొందించిన పిమ్మట అది క్రమముగ వైద్యుని సంచి విడిచి నర్సు చేతికి వచ్చెను. మంచము తలాపున చార్టు వ్రేలాడెను.

ఆ చార్టు విలువను టైఫాయిడు తెలిపినంతగా మఱి యే వ్యాధియు తెలుపలేదు. 1948లో క్లోరాంఫెనికాలు వచ్చువఱకు ఆ జ్వరమునకు గుణమిచ్చు మందే లేదు. మూడు నాలుగు వారములపాటు రోగిని నిలిపినది నర్సు ఉపచారమే. గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడుచుట, ఎండి పొరలు కట్టిన నాలుకను పెదవులను శుభ్రపరచుట, పడకపుండ్లు పడకుండ వేళ తప్పక ప్రక్క మార్చి వీపును పిరుదులను చూచుట, ద్రవాహారమును కొలిచి పోయుట, మలమూత్రములను క్రిమిరహితము చేసి పారబోయుట, ఇవన్నియు ఆమె నిత్యకృత్యములు. వీటన్నిటికంటె కఠినమైనది మూడవ వారపు జాగరణము. టైఫాయిడులో జ్వరము మెండైనను నాడి తగినంత వేగముగ నడువదు. అట్టి రోగికి హఠాత్తుగ జ్వరము దిగి, అదే గడియలో నాడి వడిగ కొట్టుకొనజొచ్చినచో, ఇంటివారు జ్వరము విడిచినదని పథ్యము పెట్టుటకు సిద్ధపడుదురు. చార్టుపై దిగుచున్న యొక రేఖను ఎక్కుచున్న వేఱొక రేఖ ఖండించుటను చూచిన నర్సు మాత్రము, ప్రేగులలో రక్తస్రావమో రంధ్రమో యేర్పడినదని శంకించి వైద్యునకు కబురంపును. కొలుచుట ఎవరికైనను నేర్పవచ్చును. రెండు కొలతల నడుమ సంబంధమును చదువుటయే ఆమె విద్య.

ఈ విద్య మన దేశమునను నాటుకొనెను. తెలుగు జిల్లాలు పెక్కు నాడు మద్రాసు రాజధానిలోనివి కాగా, మద్రాసు జనరలు ఆస్పత్రిలో 1871లోనే నర్సుల శిక్షణ ఆరంభమయ్యెను. అయినను 1946లో దేశారోగ్యమును పరిశీలించిన భోరు సంఘము నివేదిక సమర్పించునాటికి దేశమంతటికి నర్సులు సుమారు 7,000 మందియే. ఆ యేడే ఢిల్లీలోను వెల్లూరులోను నర్సింగు పట్టభద్ర విద్య మొదలయ్యెను; 1947లో నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను.

అంతలో వ్యాధుల స్వభావమే మాఱినది. మందులకు లొంగిన జ్వరములు వెనుదీయగా రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము వార్డులను నింపినవి. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచి చేసిన దండపట్టీకి, 1905లో రష్యను శస్త్రవైద్యుడు కొరోట్కోవు కనుగొన్న ధ్వనులు తోడై, రక్తపోటును కొలుచుట సులభమయ్యెను. ఆ పనియు కాలక్రమమున వైద్యునినుండి నర్సుకు దిగివచ్చెను. ఇన్సులిను వాడుకలోనికి వచ్చిన పిమ్మట, అయిదు మిల్లీలీటర్ల బెనెడిక్టు ద్రావకమున ఎనిమిది చుక్కల మూత్రము వైచి కాచి, నీలము పచ్చయై, పసుపై, ఇటుక యెఱుపగుటను చూచుట వార్డు నర్సుకు అలవాటైన పనియయ్యెను. గుండె బలహీనమైనవానిని ప్రతి యుదయము ఒకే వేళ తూచుట, ముంగాలి యెముకపై వ్రేలనొక్కి గుంట పడునేమో చూచుట, మధుమేహరోగి కాలివ్రేళ్లసందులను పుండ్లకై వెదకుట, ఈ చిన్నపనులు ఎన్ని కాళ్లను, ఎన్ని ప్రాణములను కాపాడినవో లెక్క తెలియదు.

1962లో డోరీను నార్టను పడకపుండ్ల ముప్పును అంకెలలో తూచు కొలమానమును, 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేలు, జెన్నెట్టులు స్పృహ స్థాయిని నిర్ణయించు కొలమానమును ప్రకటించిరి. 2012లో ఇంగ్లండు రాయలు వైద్యకళాశాలవారు వెలువరించిన ముందుహెచ్చరిక పట్టికలో శ్వాస, ఆమ్లజని, ఉష్ణము, రక్తపోటు, నాడి, స్పృహ యను వానికి వేర్వేఱు అంకములు కలవు. నిమిషమునకు 12 మొదలు 20 వఱకు ఊపిరులకు సున్న. 25కు చేరగనే మూడు, అనగా అత్యధికాంకము.

ఏ యంత్రమును కోరని యీ శ్వాసయే నేడు వార్డులలో అన్నిటికంటె ఎక్కువ నిర్లక్ష్యమునకు గుఱియగుచున్నది. లెక్కింపకయే చార్టునందు 18 అనియో 20 అనియో వ్రాయుట మనకు అపరిచితము కాదు. పది పడకల నడుమ ఒక్కతెయై పరుగిడు నర్సును దీనికి నిందించుట న్యాయమును కాదు. రోగి చెప్పలేని వేళ అతని దేహము మొదట పలుకునది తరచుగా ఊపిరితోనే. కావున వైద్యశాలాధికారులారా, వార్డులకు తగినంతమంది నర్సులను నియమింపుడు. సోదరీమణులారా, చేయి నాడిపై నుంచియే, రోగికి తెలియకుండ, నిండుగ ఒక నిమిషము అతని యెదను చూచి ఊపిరులను లెక్కింపుడు.